ఫీనిక్స్ ఎండల్లో బే విండో: ఎంచుకోవడం, పెట్టించుకోవడం ఎలా?

అరిజోనాలోని ఫీనిక్స్ చుట్టుపక్కల ఇల్లు కొన్న తెలుగువాళ్లు ఎండలు తగ్గి అక్టోబర్ రాగానే అడిగే ప్రశ్న ఒకటుంది: "నూక్ దగ్గర బే విండో పెట్టిద్దామనుకుంటున్నాం, ఏది తీసుకోవాలి?" బే విండో అంటే గోడలోంచి బయటికి పొడుచుకొచ్చే కిటికీ, నూక్ అంటే కిచెన్ పక్కన కూర్చుని తినే చిన్న మూల. బ్రాండు పేరు ఒకటి చెప్పేస్తే సరిపోయే ప్రశ్న కాదిది. ముందు తెలియాల్సింది ఆ గోడ ఏ దిక్కున ఉందో.

మనవాళ్లు చాలామంది వాస్తు చూసుకుని తూర్పు ముఖం ఇల్లే కొంటారు. వాకిలి తూర్పున ఉంటే పెరడు పడమరకి పోతుంది. ఇక్కడి ఇళ్లలో కిచెన్, నూక్, ఫ్యామిలీ రూమ్ ఎక్కువగా పెరటి వైపే కడతారు. అంటే మీకు బే విండో పెట్టాలనిపించే గోడ, సాయంత్రం ఎండ నేరుగా కొట్టే గోడ ఒకటే. 2023లో వరుసగా 31 రోజులు పగటి ఎండ 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తగ్గని ఊరిది. ఇక్కడ పడమర గోడకి గాజు పెట్టేముందు రెండుసార్లు ఆలోచించాలి. ఆ గాజుని గోడలోంచి బయటికి తెచ్చేముందు ఇంకోసారి ఆలోచించాలి.

ఎందుకంటే మామూలు కిటికీకి చూరు నీడ ఉంటుంది. బే విండో ఆ నీడలోంచి బయటికొచ్చి కూర్చుంటుంది. పైన రెండడుగుల చూరు ఉండి, కిటికీ 18 అంగుళాలు ముందుకొస్తే మధ్య గాజుకి మిగిలేది ఆరంగుళాల చూరే. సెప్టెంబర్ మూడో వారంలో, దక్షిణం గోడ మీద, మిట్టమధ్యాహ్నం రెండడుగుల చూరు దాదాపు మూడడుగుల నీడ ఇస్తుంది. ఆరంగుళాల చూరు ఇచ్చేది తొమ్మిదంగుళాలు. సెప్టెంబర్‌లో ఇక్కడ ఇంకా వంద డిగ్రీల ఎండే ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- ఫోన్‌లో దిక్సూచి, టేపు, పెద్ద లెవెల్
- ఇంటి ప్లాను, కాలనీ హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) నిబంధనల కాగితం
- కనీసం మూడు కొటేషన్లు, ప్రతిదాంట్లో ఏ పేన్‌కి (గాజు పలకకి) ఏ నంబరో విడివిడిగా రాసి (ఆ నంబర్ల సంగతి 3వ మెట్టులో)
- చిన్న ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్
- అగరుబత్తులు, లైటర్, తోటకి నీళ్లు పట్టే హోస్ (చివర్లో పరీక్షకి)

బిగించే పని మాత్రం పని తెలిసినవాళ్లతోనే చేయించండి. ఆరడుగుల బే విండో కూడా మూడు నాలుగు వందల పౌండ్లు తూగవచ్చు. పైగా అది గోడలో కూర్చునే బరువు కాదు, గోడకి వేలాడే బరువు. కింద రాసిన మెట్లు మీరు స్వయంగా చేయడానికి కాదు, దగ్గర నిలబడి ఏం చూడాలో తెలియడానికి.

1. దిక్కు తేల్చుకోండి

ఉత్తరం గోడ అన్నిటికంటే మంచిది. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. 45 డిగ్రీల కోణంలో ఉండే బే విండో ఉత్తరానికి పెడితే పక్క గాజులు ఒకటి ఈశాన్యానికి, ఒకటి వాయవ్యానికి తిరుగుతాయి. జూన్‌లో ఇక్కడ సూర్యుడు సరిగ్గా పడమరన అస్తమించడు, ఉత్తరం వైపు 28 డిగ్రీలు జరిగి అస్తమిస్తాడు. కాబట్టి ఆ వాయవ్యం గాజుకి సాయంత్రం ఎండ ఇంచుమించు ఎదురుగానే తగులుతుంది. "నార్త్ సైడే కదా" అని ఆ పక్క పేన్‌కి మామూలు గాజు ఇచ్చేసే సేల్స్‌మన్లు ఉంటారు. ఒప్పుకోకండి. ఉత్తరానికైతే 30 డిగ్రీల కోణం అడగండి, పక్క గాజు అంత తిరగదు.

దక్షిణం రెండోది. పైన నీడకి ఏర్పాటు చేసుకుంటే బాగుంటుంది, చలికాలంలో కిందికి దిగిన ఎండ లోపలికొచ్చి హాయిగా ఉంటుంది. తూర్పు ఫరవాలేదు. పొద్దున ఎండ తగులుతుంది కానీ అప్పటికి ఇల్లు, గోడలు వేడెక్కి ఉండవు.

పడమర వద్దు. ఇంత సూటిగా చెప్పడానికి కారణం, పడమర బే విండోలో మూడు గాజులూ సాయంత్రం ఎండలోనే ఉంటాయి. కరెంటు రేటు ఎక్కువుండే గంటలూ అవే. పెరటి వైపు తప్ప ఇంకోచోట కుదరదంటే రెండు దారులు. ఒకటి, అక్కడ మామూలు కిటికీనే ఉంచి లోపల కూర్చునే సీటు కట్టించుకోవడం. కూర్చునే సరదా తీరుతుంది, గాజు బయటికి రాదు. రెండు, ముందు పెరట్లో పదడుగుల లోతున్న కవర్డ్ పాటియో వేయించి, ఆ నీడలో బే విండో పెట్టుకోవడం. అప్పుడు కూడా బాగా దిగిన ఎండకి తెర కావాలి.

2. రకం ఎంచుకోండి

మూడు పేన్లది బే, నాలుగైదు పేన్లతో విల్లులా వంగేది బో, పెట్టెలా చిన్నగా ముందుకొచ్చి పైన కూడా గాజు ఉండేది గార్డెన్ విండో.

గార్డెన్ విండో గురించి గట్టిగానే చెప్పాలి. కిచెన్ సింకు ముందు తులసి, కరివేపాకు కుండీలు పెట్టుకోవచ్చని చాలామంది ముచ్చటపడతారు. జూన్‌లో మధ్యాహ్నం సూర్యుడు ఇక్కడ 80 డిగ్రీల ఎత్తున, దాదాపు నడినెత్తిన ఉంటాడు. పైకప్పు గాజు కావడంతో ఆ ఎండంతా కుండీల మీదే పడుతుంది. ఉత్తరం గోడకి, పైన పూర్తిగా చూరు నీడ ఉంటే తప్ప పెట్టకండి. తులసిని వేసవిలో తూర్పు వైపు పాటియోలో, మధ్యాహ్నం నీడ పడేచోట పెట్టుకోండి.

బో చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ పేన్లు పెరిగినకొద్దీ అతుకులు పెరుగుతాయి. దుమ్ము తుపాన్లు వచ్చే ఊళ్లో అతుకు ఎంత తక్కువుంటే అంత మంచిది.

నా సలహా: 30 డిగ్రీల బే, మధ్య పేన్ ఫిక్స్‌డ్ (తెరుచుకోనిది), పక్క రెండూ తలుపులా తెరుచుకునే కేస్‌మెంట్లు. కేస్‌మెంట్ మూసినప్పుడు రబ్బరు సీలుకి నాలుగు వైపులా బిగుసుకుంటుంది. పక్కకి జరిగే స్లైడర్ అంత బిగుతుగా ఉండదు, దాని గాడిలో దుమ్ము చేరుతుంది. ముందుకి పొడుచుకు రావడం 12 నుంచి 16 అంగుళాల్లో ఆపితే చూరు నీడ కొంతైనా మిగులుతుంది.

3. గాజు నంబర్లు చదవండి

కిటికీ మీద ఎన్‌ఎఫ్‌ఆర్‌సీ (కిటికీలకి రేటింగ్ ఇచ్చే సంస్థ) స్టిక్కర్ ఉంటుంది. దాంట్లో మనకి ముఖ్యమైనది ఎస్‌హెచ్‌జీసీ, అంటే గాజు మీద పడిన ఎండ వేడిలో ఎంత భాగం లోపలికొస్తుందో చెప్పే అంకె. 0.25 అంటే పావు వంతు. మన వాతావరణ మండలానికి 2021 ఇంధన కోడ్ పెట్టిన పరిమితి 0.25. ఎనర్జీ స్టార్ (కరెంటు ఆదా చేసే వస్తువులకిచ్చే ముద్ర) ఇప్పటి లెక్క ప్రకారం దక్షిణ మండలానికి 0.23, యూ-ఫ్యాక్టర్ (లోపలికీ బయటికీ వేడి ఎంత తేలిగ్గా దాటుతుందో చెప్పే అంకె) 0.32. తూర్పు, పడమర ఎండ తగిలే పేన్లకి 0.20 దగ్గర దొరికితే తీసుకోండి. అంతకంటే తగ్గించుకుంటూ పోతే గాజు నల్లబడి గది మసకబారుతుంది. అందుకే పక్కనే ఉండే వీటీ అంకె కూడా చూడండి, అది లోపలికొచ్చే వెలుతురు.

సేల్స్‌మన్ యూ-ఫ్యాక్టర్ గురించి ఎక్కువ మాట్లాడి, ట్రిపుల్ పేన్ అంటగట్టాలని చూస్తాడు. చలి దేశాలకి అది సరే. ఇక్కడ మంచి లో-ఈ పూత (వేడిని తిప్పికొట్టే పలుచటి పూత) ఉన్న డబుల్ పేన్, బయట నీడ కలిస్తే డబ్బుకి తగ్గ ఫలితం ఉంటుంది. మిగిలిన డబ్బు నీడకి పెట్టండి.

సీటు మీద పిల్లలు ఎక్కి గెంతుతారు కాబట్టి కోడ్ అడిగినా అడగకపోయినా కింది గాజు టెంపర్డ్ (పగిలినా పదునైన పెంకులు కాని గట్టి గాజు) తీసుకోండి. బెడ్‌రూమ్‌లో పెడుతుంటే ప్రమాదం జరిగితే బయటపడటానికి తెరుచుకునే ఖాళీ 5.7 చదరపు అడుగులు ఉండాలి, నేల మట్టం గదికి 5. మధ్యది ఫిక్స్‌డ్ పెట్టి పక్కలు సన్నగా చేస్తే ఇది తప్పిపోతుంది.

ఫ్రేము విషయానికొస్తే ఫైబర్‌గ్లాస్ మంచిది. వేడికి గాజుతో సమానంగా సాగుతుంది, సీళ్లు ఊడవు. వినైల్ చవక, కానీ ఎండకి బాగా సాగుతుంది. తీసుకుంటే తెలుపు లేదా లేత గోధుమ రంగే తీసుకోండి, ముదురు రంగు వద్దు. పాత ఇళ్లలో ఉండే మామూలు అల్యూమినియం ఫ్రేము వేడిని నేరుగా లోపలికి మోస్తుంది, మధ్యలో థర్మల్ బ్రేక్ (వేడి దాటకుండా పెట్టే అడ్డు) లేకపోతే పక్కన పెట్టేయండి.

4. అనుమతులు, కాంట్రాక్టర్

హెచ్‌ఓఏ అనుమతి కాగితం మీద చేతికొచ్చేదాకా ఆర్డర్ పెట్టకండి. పక్క గోడకి పెడుతుంటే సెట్‌బ్యాక్‌లోకి (ఇంటికీ ప్లాటు హద్దుకీ మధ్య వదలాల్సిన ఖాళీలోకి) ఎన్ని అంగుళాలు రావచ్చో సిటీలో అడగండి. ఉన్న కిటికీ వెడల్పే వాడుకుంటే పని తేలిక. వెడల్పు పెంచితే పైన హెడర్ దూలం మార్చాలి, ఇంజనీరు డ్రాయింగ్ కావాలి.

కాంట్రాక్టర్ లైసెన్సు అరిజోనా రిజిస్ట్రార్ ఆఫ్ కాంట్రాక్టర్స్ వెబ్‌సైట్‌లో వెతికి చూడండి. ఇల్లు 1978కి ముందుదైతే సీసం పెయింటుతో పనిచేయడానికి ఈపీఏ (ఫెడరల్ పర్యావరణ సంస్థ) సర్టిఫికెట్ ఉన్నవాళ్లే రావాలి. "ఫెడరల్ టాక్స్ క్రెడిట్ వస్తుంది" అని ఎవరైనా ధర చెబితే నమ్మకండి, కిటికీలకి ఇచ్చే ఆ క్రెడిట్ 2025 డిసెంబర్ 31తో ముగిసింది.

పని అక్టోబర్ నుంచి మార్చి లోపు పెట్టుకోండి. జూలై ఎండలో కాలిన గోడ మీద సీలెంట్ సరిగ్గా పట్టదు, గోడ తెరిచి ఉన్నంతసేపూ ఏసీ వృథా, పైగా వానల కాలం.

5. బరువు దేని మీద ఉందో చూడండి

బే విండో బరువు మోయడానికి మూడు పద్ధతులు: కింద గోడకి బిగించే బ్రాకెట్లు, పైన హెడర్ నుంచి వేలాడే స్టీల్ కేబుళ్లు, లేదా కింద పునాది. ఆరేడు అడుగుల కిటికీకి తయారీదారు ఇచ్చే కేబుల్ సెట్, దానికి తోడు బ్రాకెట్లు ఉంటే నిశ్చింత. కేబుల్‌ని హెడర్ చెక్కకే బిగించాలి, పైన అలంకారానికి కొట్టిన బోర్డుకి కాదు. బిగించేటప్పుడు ఫోటో తీసి పెట్టుకోండి, తర్వాత మూసేస్తారు.

ఒక హెచ్చరిక. ఇక్కడ గత కొన్ని దశాబ్దాల్లో కట్టిన చాలా ఇళ్లకి పోస్ట్-టెన్షన్ స్లాబ్ (పైకప్పు కాదు, పునాదిగా వేసే కాంక్రీటు నేల) ఉంటుంది, లోపల బిగించి లాగిన కేబుళ్లతో. గరాజ్ నేల మీద ఆ సంగతి ముద్ర వేసి ఉంటుంది, చూడండి. అలాంటి స్లాబ్‌కి డ్రిల్ పెట్టనివ్వకండి. కేబుల్ తెగితే మనుషులకి ప్రమాదం, పునాదికీ నష్టం.

6. స్టకో కోత, ఫ్లాషింగ్

ఎక్కువ ఇళ్లు పాడయ్యేది ఇక్కడే. ఏడాదికి ఏడెనిమిది అంగుళాల వాన పడే ఊళ్లో నీళ్ల గురించి టెన్షన్ ఎందుకని వదిలేస్తారు. కానీ ఆ వాన గాలితో కలిసి అడ్డంగా, గంటలోపు కొట్టేసి పోతుంది. సన్నటి సందు చాలు.

స్టకోని (బయటి గోడకి వేసే సిమెంటు పూతని) కిటికీ చుట్టూ నాలుగైదు అంగుళాలు వెనక్కి కోసి, వెనకున్న నల్ల కాగితాన్ని చింపకుండా బయటపెట్టాలి. ఆ కాగితానికి కొత్త ఫ్లాషింగ్ (నీళ్లని బయటికి మళ్లించే రేకు, టేపు) కలిస్తేనే నీళ్లు బయటికి జారతాయి. "కోయక్కర్లేదు, చుట్టూ కాక్ (సందులు పూడ్చే సీలెంట్) కొట్టేస్తాం" అనేవాడి పని రెండు వేసవులు నిలవదు.

వరుస క్రమం: ముందు కింది గట్టుకి సిల్ పాన్ (నీళ్లు పట్టే పళ్లెం లాంటిది), తర్వాత పక్కలకి టేపు, చివర పైన హెడ్ ఫ్లాషింగ్, దాని మీదికి గోడ కాగితం. పెంకుటింటి కప్పులాగా ఎప్పుడూ పైది కింది దాని మీదికి రావాలి. కింది అంచుని టేపుతో మూయకూడదు, లోపలికి పోయిన నీళ్లకి బయటికి దారి అదే.

టేపు బ్యూటైల్ రకం అడగండి. తారు టేపు ఇక్కడి వేడికి కరిగి కారుతుంది, స్టకో మీద నల్ల చారలు పడతాయి.

7. నిలబెట్టడం

కిటికీని ఎత్తి పెట్టాక, స్క్రూలు పూర్తిగా బిగించకముందే మీరే లెవెల్ పెట్టి చూడండి: సీటు అడ్డంగా, పక్కలు నిలువుగా. ప్రతి పేన్‌కీ మూలనుంచి మూలకి రెండు కర్ణాలూ కొలవండి. తేడా అంగుళంలో ఎనిమిదో వంతు దాటితే సర్దమనండి. కేస్‌మెంట్లు రెండూ తెరిచి మూయండి, ఎక్కడా రాసుకోకూడదు. తర్వాత సర్దడం కుదరదు.

సందుల్లో నింపే ఫోమ్ తక్కువగా ఉబ్బే రకమే కావాలి. ఎక్కువ ఉబ్బేది ఫ్రేముని లోపలికి నెట్టి వంచేస్తుంది.

8. కింద, పైన ఇన్సులేషన్

బే విండో సీటు కింద ఉండేది గది కాదు, బయటి గాలి. బయట 115 ఉంటే సీటు అడుగున కూడా 115. చాలా కొటేషన్లలో సీటు బోర్డు ఉంటుంది, దాని కింద ఇన్సులేషన్ సంగతి ఉండదు. రెండంగుళాల గట్టి ఫోమ్ బోర్డు, అంచులన్నీ సీలు చేసి, కింద బయటి ప్యానెల్‌తో మూయాలని కాంట్రాక్టులో రాయించండి. పైన కప్పులో అంతకంటే ఎక్కువ కావాలి, ఖాళీ మిగలకుండా నింపాలి. కిటికీ తల చూరు కిందికే సరిగ్గా చేరితే వేరే కప్పు అవసరమే ఉండదు, అలా కుదిరితే అదృష్టం.

కింది ప్యానెల్ మూసేముందు మోకాళ్ల మీద కూర్చుని టార్చితో చూడండి. క్రెడిట్ కార్డు దూరేంత సందు ఉంటే ఇక్కడి బార్క్ తేలు దూరుతుంది. సందు మూయించాకే ప్యానెల్ బిగించమనండి. తర్వాత చీకటి పడ్డాక ఒకసారి యూవీ టార్చితో సీటు అడుగున వెతకండి, తేళ్లు ఆ వెలుగులో పచ్చగా మెరుస్తాయి.

స్టకో ప్యాచ్ వేశాక ఈ పొడి గాలిలో రెండు రోజులైనా నీళ్లు చిలకరించాలి, లేకపోతే గీతలు వస్తాయి. పాత గోడ రంగుతో ప్యాచ్ కలవదు, గోడంతా పెయింటు వేయించే ఖర్చు ముందే లెక్కలో పెట్టుకోండి.

9. బయట నీడ

లోపలి కర్టెన్లు ఎండని ఆపుతాయి కానీ అప్పటికే వేడి గాజు దాటి లోపలికొచ్చేసి ఉంటుంది. గాజు బయట ఆపాలి. ఎడారి ఊళ్లలో ముందుకి పొడుచుకొచ్చే కిటికీలు కొత్తవేం కావు. జైసల్మేర్ హవేలీల ఝరోఖాలు, కైరో మష్రబియాలు చూడండి. వాటికి గాజు కంటే జాలీ ముఖ్యం, దాంతో నీడా గాలీ రెండూ వచ్చేవి. మన బే విండోకి ఆ పని చేసేది సన్ స్క్రీన్. 80 శాతం ఎండ ఆపే మెష్ చాలుతుంది, సాయంత్రం ఎండ తగిలే పేన్‌కి 90 శాతం. అక్టోబర్‌లో తీసి దాచుకోవచ్చు.

స్క్రీన్‌కి ఇంకో లాభం ఉంది. లో-ఈ గాజు నుంచి తిరిగికొట్టే ఎండ కృత్రిమ గడ్డిని కరిగించేయగలదు. పెరట్లోనో పక్కింట్లోనో టర్ఫ్ ఉంటే ఇది తప్పనిసరి.

డబ్బు మొత్తం ఇచ్చేముందు పరీక్షలు

*స్టిక్కర్లు.* మూడు పేన్లవీ విడివిడిగా ఫోటో తీయండి. మధ్యది సరైనదే వచ్చి పక్కవి మామూలువి రావడం జరుగుతుంటుంది.

*లైటర్.* చీకటి పడ్డాక బయట నిలబడి గాజు ముందు మంట పట్టండి. డబుల్ పేన్‌లో నాలుగు ప్రతిబింబాలు కనిపిస్తాయి, వాటిలో ఒకటి వేరే రంగులో ఉంటుంది. బయటినుంచి లెక్కపెడితే అది రెండోది కావాలి. మూడోదైతే పూత ఎండ ఆపడానికి ఉండాల్సిన చోట లేనట్టు, తిరగేసి బిగించారేమో అడగండి. వేరే రంగు ఏదీ లేకపోతే పూత లేనట్టే అనుకుని కంపెనీని నిలదీయండి.

*అగరుబత్తి.* బాత్రూమ్, కిచెన్ ఎగ్జాస్ట్ ఫ్యాన్లు వేసి, తలుపులు మూసి, వెలిగించిన అగరుబత్తిని అంచుల వెంట నెమ్మదిగా తిప్పండి. పొగ నిటారుగా లేచినంతసేపూ సరే. ఎక్కడ పక్కకి వంగిందో అక్కడ పెన్సిల్ గుర్తు పెట్టండి. సీటు, గోడ కలిసే మూలల్ని వదలకండి.

*నీళ్లు.* స్టకో, సీలెంట్ ఆరాక హోస్‌తో కిందినుంచి మొదలుపెట్టి పైకి రండి, ఒక్కోచోట పది నిమిషాలు. నాజిల్ వత్తి గట్టిగా కొట్టక్కర్లేదు. లోపల ఒకరు టిష్యూ కాగితంతో మూలలు ఒత్తుతూ ఉండాలి. కిందినుంచి ఎందుకంటే, పైన మొదలుపెడితే లీకు ఏ ఎత్తున ఉందో తెలియదు.

*థర్మామీటర్.* సాయంత్రం నాలుగైదింటికి అదే దిక్కున్న పాత కిటికీ గాజు, కొత్త గాజు, సీటు బోర్డు, పక్క గోడ లోపలి వైపు కొలవండి. సీటు బోర్డు గోడకంటే బాగా వేడిగా ఉంటే కింద ఇన్సులేషన్ లేనట్టే. విప్పించి చూడండి.

దుమ్ము తుపాను వచ్చి వెళ్లాక ఒకసారి, ఇంకా జూన్ 15న మాన్‌సూన్ సీజన్ మొదలవకముందు ఒకసారి, ఫ్రేము అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలు పుల్లతో శుభ్రం చేయండి. తోట స్ప్రింక్లర్ గాజు మీద పడకుండా తిప్పి పెట్టండి, ఇక్కడి ఉప్పు నీటి మరకలు ఒకసారి పట్టాక అంత తేలిగ్గా వదలవు. సీలెంట్ గీతని ఏటా అక్టోబర్‌లో వేలితో తడిమి చూసి, పగిలినచోట వెంటనే వేయించండి.